నడిచిపోతే ఒప్పుకున్నట్టేనా?



పోయిన ఆదివారం మా ఊరి బస్టాండు గురించి రాస్తూ, ఈ వారం నగరాల్లో పార్కుల గురించి రాస్తానని మాటిచ్చాను. పార్కు గురించే రాస్తున్నా, కానీ అనుకున్నది కాదు. మధ్యలో మా ఇంట్లో ఒకటి జరిగింది. దాన్ని కడుపులో పెట్టుకుని ఇంకేదో రాయటం నా వల్ల కాదు. పొడుగ్గా ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి.

మా చిన్నమ్మ ఒక పెద్ద నగరంలో పారిశుధ్య కార్మికురాలు. కాంట్రాక్టు పని. నగరం పేరు రాయను, ఆమె పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతుంటే మీకే తెలుస్తుంది. పొద్దున నాలుగింటికి లేచి ఐదున్నరకల్లా పాయింటు దగ్గర ఉండాలి. ఆమె బీటులో ఒక పార్కు, దాని ముందర వెడల్పాటి ఫుట్‌పాత్ ఉన్నాయి. చలికాలంలో అక్కడ ఆర్ట్ ఫెస్టివల్ పెట్టారు. ఫుట్‌పాత్ మీద ఒక నల్ల పెట్టె, పెట్టెలో కెమెరా, వెనకాల లారీ అంత ఎల్ఈడీ తెర. ఎవరు ముందు నుంచి పోయినా కెమెరా ముఖం పట్టుకుంటుంది, కాసేపట్లో ఆ ముఖం తెర మీద పడుతుంది. పక్కనే సాఫ్ట్‌వేర్ ఒక మాట రాస్తుంది. సంతోషం ఇంత శాతం, దుఃఖం ఇంత శాతం, కోపం ఇంత శాతం అని, ఇంగ్లీషులో. రాత్రీ పగలూ ఆగదు. దీన్ని ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్ అంటారు. చూడటానికి వచ్చినవాళ్లే అందులో బొమ్మలవుతారన్నమాట.

చిన్నమ్మ ఆ పెట్టె ముందు నిలబడింది. ఊడ్చుకుంటూ పోయింది కాదు. ఆగి, తలకు కట్టిన గుడ్డ పైకి జరుపుకుని, కెమెరా వైపు సూటిగా చూస్తూ నిలబడింది. ఎందుకో తెలుసా? కొత్త హాజరు మిషన్ పెట్టారనుకుంది.

నవ్వకండి. ఆమెకు రోజూ జరిగేది అదే. ఇదివరకు మేస్త్రీ రిజిస్టర్లో టిక్కు పెట్టేవాడు. తర్వాత వేలిముద్ర మిషన్ వచ్చింది. చీపురు పట్టి పట్టి అరిగిన వేళ్లను అది గుర్తుపట్టేది కాదు. ఇప్పుడు ఫోన్ కెమెరా ముందు ముఖం పెట్టాలి, ముఖం పడితేనే ఆ రోజు కూలి. ఒక్క చిన్నమ్మ సంగతే కాదు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో యాప్‌లో ఎక్కించాలన్నారు. సిగ్నల్ లేకపోతే తవ్విన మట్టి తవ్వనట్టే. అంగన్‌వాడీల్లో 2025 జూలై నుంచి, తల్లి ముఖం మిషన్ గుర్తుపడితేనే ఇంటికి తీసుకుపోయే సరుకు ఇస్తామన్నారు. కెమెరా కనపడగానే ముఖం చూపించాలి, చూపించకపోతే నోటికాడి ముద్ద పోతుంది. కెమెరా మా ఆడవాళ్లకు నేర్పిన చదువు ఇది. ఆ చదువు ప్రకారమే చిన్నమ్మ నిలబడింది.

హాజరు వేయించుకునే ముఖం ఎట్లా ఉంటుంది? ఆధార్ కార్డు మీద మనందరి ముఖాలు ఎట్లా ఉంటాయో అట్లా. సాఫ్ట్‌వేరుకు అది కోపంగా కనపడింది. నాలుగు మనుషుల ఎత్తున మా చిన్నమ్మ ముఖం, భుజం పక్కన చీపురు కట్ట కొన, దాని పక్కన 'కోపం' అనే మాట, ఓ పెద్ద అంకె. అక్కడ తిరుగుతున్న కుర్రాళ్లు దాని ముందు నిలబడి వీడియో తీసుకున్నారు. ఒకడు ఆమెలాగే మూతి బిగించి పోజు పెట్టాడు. వెనకాల సినిమా పాట కలిపారు. అది తిరిగి తిరిగి మా చెల్లి కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చి పడింది.

మా చెల్లి ఇంటర్ చదువుతోంది. అమ్మ ఏం చేస్తుందని అడిగితే "మున్సిపాలిటీలో జాబ్" అని చెప్పేది. అబద్ధం కాదు కదా. ఇంటికి ఒకసారి వచ్చిన స్నేహితురాలు వీడియోలో ముఖం గుర్తుపట్టింది. నాలుగు రోజులు ఈ పిల్ల కాలేజీకి పోలేదు. కడుపునొప్పి అంది. ఐదో రోజు అసలు సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది, వాళ్ల అమ్మకు చెప్పొద్దన్న షరతు మీద.

మీలో కొందరు అనబోయే మాట నాకు తెలుసు. "అమ్మ పని గురించి సిగ్గెందుకు? శ్రమకు గౌరవం లేదా?" మిత్రులారా, ఈ ప్రశ్న అడిగే ముందు ఒక్కసారి మీ తరగతి గదిలో లేచి నిలబడి మీ ఇంటి పని చెప్పండి, తర్వాత మాట్లాడదాం. సిగ్గు ఆ పిల్ల దగ్గర పుట్టలేదు. చీపురు చూసి కులం చదివే కళ్ల దగ్గర పుట్టింది. ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాలో ఆ పిల్ల తన లెక్కలో తాను నిదానంగా నిర్ణయించుకుంటోంది. ఆ నిర్ణయాన్ని ఒక తెర లాక్కుంది. నేను అడుగుతున్నది దాని గురించి.

నేను ఆ నగరానికి పోయాను. ఫెస్టివల్ వాళ్ల కుర్రాడొకడు దొరికాడు. చాలా మర్యాదస్తుడు. బ్రో అన్నాడు, టీ తాగుతారా అన్నాడు. ఒక బోర్డు చూపించాడు. మోకాలి ఎత్తున, ఇంగ్లీషులో, నాలుగు వరుసలు. ఈ ప్రాంతంలోకి వచ్చినవాళ్లు తమ ఫొటో తీయటానికీ వాడుకోవటానికీ ఒప్పుకున్నట్టే అని దాని సారాంశం.

నేను అన్నాను: "ఆమె ఈ ప్రాంతంలోకి రాలేదు తమ్ముడూ. మీరే ఆమె బీటులోకి వచ్చారు. ఆమె ఇక్కడ పదకొండేళ్ల నుంచి ఊడుస్తోంది."

అతను నిజంగానే ఆలోచనలో పడ్డాడు. మంచి పిల్లాడే. కానీ అతని చేతిలో ఏమీ లేదు.

ఇంతకీ నా గొడవ ఒక బోర్డు తెలుగులో లేదని కాదు. ఈ రకం కళ మొత్తం ఒక మాట మీద నిలబడి ఉంది: 'దారిన పోయేవాళ్లు'. ఎంత తేలికైన మాట చూడండి. దారి ఉంది, ఎవరో పోతున్నారు. వాళ్లకు పేరు లేదు, కులం లేదు, పని లేదు. అందరూ ఒకటే, అందరి ముఖాలూ ఒకే సైజులో తెర మీద పడతాయి. ప్రజాస్వామ్యం అంటే ఇదే కదా అని క్యాటలాగుల్లో రాసుకుంటారు.

మా తాతకు దారిన పోయేవాడన్న హోదా లేదు. గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేత పట్టుకుని పోయేవాడు. పేష్వాల పూణేలో అంటరానివాడు నడుముకు చీపురు కట్టుకుని, మెడలో ముంత వేలాడేసుకుని నడవాల్సి వచ్చిందని బాబాసాహెబ్ 1936లో రాశారు. 1893లో అయ్యంకాళి ఎడ్లబండి ఎక్కి తిరువాంకూరు బాట మీదకు వచ్చింది దారిన పోవటానికే. 1924లో వైకోం సత్యాగ్రహం దేని కోసం? గుడిలోకి పోవటానికి కాదు సుమా, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవటానికి. 1927లో మహద్ చెరువు దాకా నడిచిపోయి నీళ్లు తాగటమే పెద్ద తిరుగుబాటు అయింది. 1991లో చుండూరు గొడవ సినిమా హాల్లో కాలు తగలటం దగ్గర రాజుకుంది. దారిన ఊరికే పోవటం, ఎవరికీ జవాబు చెప్పకుండా, ఎవరి కంటా ప్రత్యేకంగా పడకుండా పోవటం మాకు పుట్టుకతో రాలేదు. కొట్లాడి తెచ్చుకున్నాం, అది కూడా సగమే తెచ్చుకున్నాం.

ఊళ్లు వదిలి పట్నం పోవటంలో ఉన్న ఊరట కూడా అదే. ఊళ్లో "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని ఎవరూ అడగరు. అడగాల్సిన పని లేదు, వాడ పేరులోనే అంతా ఉంటుంది. నగరంలో అడుగుతారు. అడుగుతారంటే తెలియదనేగా! ఆ తెలియకపోవటంలో మా పిల్లలు కాసేపు ఊపిరి పీల్చుకుంటారు. దాన్నే ఈ తెర మింగేసింది.

ఇంకొంచెం వెనక్కి పోదాం. మన ముఖాలు ఫొటోల్లోకి ఎట్లా వచ్చాయో గుర్తుచేసుకోవాలి. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ వాళ్లు 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు అచ్చు వేశారు. కులానికి, తెగకు ఒక ఫొటో, పక్కన వాళ్ల గుణగణాల మీద తీర్పు. ఫొటోలో మనిషికి చాలాచోట్ల పేరుండదు, కులం పేరే ఉంటుంది. మద్రాసు మ్యూజియంకు సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్స్టన్ మన వాళ్ల పుర్రెలూ ముక్కులూ కొలిచి, 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేశాడు. ముక్కు వెడల్పును బట్టి మనిషి స్థాయి చెప్పొచ్చని వాళ్ల శాస్త్రం. 1871 నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఎరుకల వాళ్లు పుట్టుకతోనే పోలీసు రిజిస్టర్లోకి ఎక్కారు. స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెద్దవాళ్లను అడగండి, హాజరు అనే మాటకు అర్థం చెబుతారు. 1952లో ఆ చట్టం పోయింది గానీ స్టేషన్ గోడ మీద ఫొటోలు పోయాయా?

ముక్కు కొలిచి గుణం చెప్పినవాడికీ, మూతి చూసి కోపం ఎంత శాతమో చెప్పే సాఫ్ట్‌వేరుకూ మధ్య తేడా ఏమిటో ఎవరైనా నాకు చెప్పండి. యూరప్ వాళ్లు 2024లో చేసిన ఏఐ చట్టంలో పని స్థలాల్లో, బడుల్లో మనుషుల ముఖం చూసి భావాలు లెక్కగట్టే యంత్రాలను నిషేధించారు, వైద్యం, భద్రత లాంటి ఒకటి రెండు మినహాయింపులతో. మన దగ్గర అది పార్కు ముందు వినోదం. ఆ పార్కు ముందరి ఫుట్‌పాత్ మా చిన్నమ్మకు పని స్థలం.

ఇక్కడ ఒక విద్యార్థి మిత్రుడు ఇన్‌బాక్స్‌లో నన్ను నిలదీశాడు. నేను ఫోన్లో ఈ సంగతి చెప్పగానే, "అన్నా, నువ్వు కళకే వ్యతిరేకమా? జేఆర్ సంగతేంటి?" అని. మంచి ప్రశ్న. జవాబు చెప్పాలి.

జేఆర్ ఫ్రాన్స్ ఫొటోగ్రాఫరు. సామాన్యుల ముఖాలను మేడలంత పెద్దగా అచ్చు వేసి గోడలకు అతికిస్తాడు. 2007లో ఇజ్రాయెల్ వాళ్లవీ పాలస్తీనా వాళ్లవీ ముఖాలు పక్కపక్కనే, వాళ్లను విడగొట్టిన గోడకు రెండు వైపులా అంటించాడు. 2008లో రియోలో ఒక కొండ మీది పేదల బస్తీ నిండా అక్కడి ఆడవాళ్ల కళ్లు. 2011లో టెడ్ బహుమతి డబ్బుతో 'ఇన్‌సైడ్ అవుట్' మొదలుపెట్టాడు. ఎవరైనా తమ ఫొటో పంపితే పోస్టరు అచ్చు వేసి పంపుతారు, వాళ్లే తమకు నచ్చిన గోడకు అంటించుకుంటారు. ఫొటో తీసి అక్కడికక్కడే పోస్టరు ఇచ్చే బండ్లు కూడా తిరిగాయి. లక్షల మంది పాల్గొన్నారు.

నాకు వాటిలో అన్నిటికన్నా నచ్చింది నైరోబీలోని కిబేరా మురికివాడ. 2009లో అక్కడి ఆడవాళ్ల ముఖాలను కాగితం మీద కాదు, నీళ్లు దిగని వినైల్ మీద అచ్చు వేసి రేకుల పైకప్పుల మీద పరిచారు. వాన పడితే ఇల్లు కారదు. ఫొటో వాళ్లకు కప్పుగా పనికొచ్చింది. పైనుంచి చూసే విదేశీయుడికి అది కళ, కింద పడుకునే మనిషికి అది కప్పు. ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవటం ఉంది. అడిగి తీసుకున్నారు, తీసుకుని ఒకటి ఇచ్చారు. దానికి నేను వ్యతిరేకం కాదు. పేరంతా ఫొటోగ్రాఫరుకే ఎందుకు పోవాలన్న నా సణుగుడు ఎలాగూ ఉంటుంది, అది ఇంకోసారి.

అడగకుండా తీసుకుంటే ఏమవుతుందో చూడటానికి న్యూయార్క్ పోవాలి. ఫిలిప్ లోర్కా డికోర్సియా అనే పేరున్న ఫొటోగ్రాఫరు 1999 నుంచి 2001 దాకా టైమ్స్ స్క్వేర్లో పైన ఎక్కడో ఫ్లాష్ లైట్లు బిగించి, దూరం నుంచి, కింద నడిచిపోయేవాళ్ల ముఖాలు తీశాడు. వేల ఫొటోల్లోంచి పదిహేడు ఏరి గ్యాలరీలో పెట్టాడు. ఒక్కో ప్రింటు ఇరవై, ముప్పై వేల డాలర్లకు అమ్ముడుపోయింది. వాటిలో ఒక ముఖం ఒక యూదు పెద్దాయనది. తన ముఖాన్ని అట్లా బొమ్మ చేసి పెట్టడం తన మతానికి విరుద్ధమని ఆయన కోర్టుకు పోయాడు. 2006లో కోర్టు ఆయన కేసు కొట్టేసింది. కళ కాబట్టి, వ్యాపార ప్రకటన కాదు కాబట్టి, అనుమతి అక్కర్లేదంది. ఇరవై వేల డాలర్లకు అమ్మితే వ్యాపారం కాదా అని నాలాంటి మోటువాడికి సందేహం. ఏదేమైనా చూడండి, నడిచిన మనిషికి పైసా రాలేదు, మాట చెల్లలేదు.

షికాగోలో క్రౌన్ ఫౌంటెన్ అని ఉంది. హౌమె ప్లెన్సా చేసింది, 2004లో తెరిచారు. యాభై అడుగుల గాజు స్తంభాలు రెండు ఎదురెదురుగా, వాటి మీద షికాగో వాళ్లు వెయ్యి మంది ముఖాలు వంతులవారీగా కనిపిస్తాయి. ముఖం కళ్లార్పుతుంది, నవ్వుతుంది, మూతి ముడిస్తే నోట్లోంచి నీళ్లు దూకుతాయి. పిల్లలు కింద తడుస్తూ కేరింతలు కొడతారు. వీళ్లను నగరంలోని సంఘాల ద్వారా పిలిచి, కూర్చోబెట్టి, తెలిసేలా తీశారు. అందుకే ఆ ముఖాల్లో బెదురు లేదు. కానీ 2006లో ఏమైందో తెలుసా? ఆ స్తంభాల నెత్తిన నిఘా కెమెరాలు బిగించారు. జనం చూసి గోల చేశారు, తీసేశారు. ముఖాల పండగ ఎక్కడ జరిగితే అక్కడికి పోలీసు కన్ను కూడా నెమ్మదిగా చేరుతుందని నేనంటే అతి అంటారు. షికాగోలో అతి ఏమీ లేదు, స్తంభం ఎక్కి కూర్చుంది.

హైదరాబాద్ వాళ్లకు ఇది వేరే చెప్పాలా? 2021 మేలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పాతబస్తీ రోడ్డు మీద పోలీసులు ఆపి, కరోనా మాస్కు తీయమని, తీయకపోయినా ఫొటో తీసుకుని పోయారు. ఎందుకో చెప్పలేదు. ఆయన హైకోర్టుకు పోయాడు. అదే నగరంలో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకుపోవటానికి 'ఆపరేషన్ చబూత్రా' అని పేరే పెట్టారు. ఎవరి బస్తీల్లో జరిగిందో మీకు తెలుసు. 2022లో కేంద్రం చేసిన నేర విచారణ గుర్తింపు చట్టం ప్రకారం పట్టుబడినవాళ్ల ఫొటోలు, కొలతలు డెబ్బై ఐదేళ్లు దాచొచ్చు. డెబ్బై ఐదేళ్లు! మా వాళ్లలో అన్నేళ్లు బతికేవాళ్లు ఎందరు?

మరి పోలీసు ముఖం కళ అయితే? అది కూడా జరిగింది. ఇటలీ కళాకారుడు పావొలో చీరియో 2020లో ఫ్రాన్సులో ఆందోళనల ఫొటోల్లోంచి నాలుగు వేల మంది పోలీసుల ముఖాలు ఏరి, ప్రదర్శనకు పెట్టబోయాడు. ముఖం గుర్తుపట్టే సాంకేతికత మీ మీద వాడితే ఎట్లా ఉంటుందో చూడండి అని. ఫ్రాన్స్ హోం మంత్రి దర్మానే గయ్యిమన్నాడు. ఆ ముక్క ప్రదర్శనలోంచి ఎగిరిపోయింది. ఇదే చీరియో 2012లో, గూగుల్ స్ట్రీట్ వ్యూలో అనుకోకుండా పడ్డ మామూలు మనుషుల బొమ్మలను నిలువెత్తున అచ్చు వేసి, వాళ్లు ఫొటోలో పడ్డ చోటే గోడలకు అంటించాడు. అప్పుడు ఏ మంత్రీ మాట్లాడలేదు. ఎవరి ముఖానికి కాపలా ఉంది, ఎవరి ముఖం దిక్కులేనిది అన్నది ఇంతకంటే తేటగా ఎవరు చూపిస్తారు?

ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. మెక్సికోలో పుట్టిన రఫాయెల్ లొసానో-హెమ్మర్ చేసిన పని. 2014 సెప్టెంబరు 26 రాత్రి అయోత్సినాపా ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ విద్యార్థులు నలభై ముగ్గురు మాయమయ్యారు. పల్లెటూరి పేద పిల్లలు. పోలీసులే పట్టుకుపోయారు. ఆరు నెలలకు అతనొక తెర పెట్టాడు. నువ్వు దాని ముందు నిలబడితే కెమెరా నీ ముఖాన్ని ఆ నలభై ముగ్గురి ముఖాలతో పోల్చి చూస్తుంది. ఎవరికి దగ్గరగా ఉన్నావో, ఎంత శాతమో చెబుతుంది. ఎప్పటికీ పూర్తిగా కలవదు, ఎందుకంటే నువ్వు వాళ్లు కాదు. కానీ యంత్రం వెతుకుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ కాలేజీలో పెట్టుకోవచ్చు. చూడండి, అదే కెమెరా, అదే శాతం లెక్క. మా చిన్నమ్మ ముఖానికి వేసిన లెక్కే. కానీ ఇక్కడ యంత్రం నేరస్తుణ్ణి వెతకటం లేదు, పోయిన బిడ్డను వెతుకుతోంది. ఈ పని గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కళకు నేను వ్యతిరేకం కాదు తమ్ముడూ.

ఇప్పుడు మన సంగతి. మనం గోడ మీద ముఖం పెట్టుకుంటే ఏమవుతుంది?

ఏప్రిల్ 14 వస్తే మన వాడల్లో కుర్రాళ్లు చందాలు వేసుకుని ఫ్లెక్సీ కొట్టిస్తారు. మధ్యలో బాబాసాహెబ్, కింద వరుసగా వీళ్ల పాస్‌పోర్టు ఫొటోలు. కొందరు నల్ల కళ్లద్దాలు, కొందరు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని. చదువుకున్నవాళ్లు చూసి నవ్వుతారు, నేను కూడా ఒకప్పుడు నవ్వాను, ఒప్పుకుంటున్నా. ఊరి సెంటర్లో తన ముఖం తన ఇష్టప్రకారం నిలబెట్టుకోవటం ఆ కుర్రాడి జీవితంలో అదే మొదటిసారి. ఫొటో అతనే ఎంచుకున్నాడు, కళ్లద్దాలు అతనే ఎంచుకున్నాడు, డబ్బు అతనే ఇచ్చాడు. ఎన్ని ఊళ్లలో ఆ ఫ్లెక్సీలు రాత్రికి రాత్రి చింపారు? ఎన్నిచోట్ల ఫ్లెక్సీ కట్టే జాగా దగ్గర తలలు పగిలాయి? అదే కుర్రాడి ముఖాన్ని నగరం నుంచి వచ్చిన కళాకారుడు తెర మీద వేస్తే రిబ్బను కత్తిరించటానికి పెద్దలొస్తారు. మేం కడితే ట్రాఫిక్కుకు అడ్డం.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్‌నూ అతని నలుగురు స్నేహితులనూ హాస్టల్ నుంచి గెంటేస్తే, పరుపులూ అంబేద్కర్ పటమూ మోసుకుని బయటికి వచ్చారు. షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర పాత ఫ్లెక్సీలతో గోడలు కట్టారు. ఫూలే, సావిత్రిబాయి, పెరియార్, బాబాసాహెబ్ ముఖాలే గోడలు, ముఖాలే కప్పు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఈ దేశంలో ముఖాలతో కట్టిన ఇన్‌స్టలేషన్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. అందులో పడుకున్నారు, పాఠాలు చెప్పుకున్నారు, రోహిత్ పోయాక అక్కడే ఏడ్చారు. ఏ క్యాటలాగూ దాన్ని కళ అనలేదు. తర్వాత అధికారులు పీకేశారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. "బహిరంగ స్థలంలో ప్రైవసీ ఎక్కడిది?" అని ఆ ఫెస్టివల్ పెద్దమనిషి ఒకాయన ఫోన్లో నాకు పాఠం చెప్పాడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు చెప్పింది చదువుకోండి సార్. గోప్యత స్థలానిది కాదు, మనిషిది. నలుగురిలో ఉన్నంత మాత్రాన అది పోదు. 2023 డేటా రక్షణ చట్టంలో సమ్మతి అంటే స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టమైన చర్యతో ఇచ్చేది. నోటీసు ఎనిమిదో షెడ్యూలు భాషల్లో కోరుకునే వీలుండాలి. తెలుగు అందులో ఉంది. ఆ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన భాగాల అమలుకు ఇంకా గడువు పెట్టుకున్నారు. చట్టం వచ్చేదాకా మర్యాద కూడా వాయిదా వేసుకోవాలా?

చిన్నమ్మకు చివరికి చెప్పక తప్పలేదు. నేను పళ్లు కొరుకుతూ చెబుతున్నాను. ఆమె విని, కాసేపు ఊరుకుని, "ఫొటో తీస్తే తీసిన్రు గానీ, చెప్పొద్దా బిడ్డా? కొంగు సదురుకుందును కదా. చీపురు పక్కన పెడుదును కదా" అంది. తర్వాత, "ఆ ఫొటో మనకిస్తరా?" అని అడిగింది. మూడంతస్తుల ఎత్తు ముఖం ఎట్లా ఉంటుందో చూసుకోవాలని ఉంది ఆమెకు. నా దగ్గర ఉన్నది ఆ వీడియో ఒక్కటే. అది చూపించలేదు. ఇంట్లో ఆమెది స్టూడియో ఫొటో ఒకటుంది, పెళ్లయిన కొత్తలో నీలం చీరలో తీయించుకున్నది. నిలబడ్డ తీరు అచ్చం ఆ ఫ్లెక్సీ కుర్రాళ్ల తీరే.

ఆ మాట విన్నాక నేను రాసిన ఫిర్యాదు కాగితం చింపి మళ్లీ రాశాను. మొదటిదాంట్లో తెర తీసేయమని రాశాను. రెండోదాంట్లో వేరేగా రాశాను. పెట్టె ముందు తెలుగూ ఉర్దూ మాట్లాడే మనిషిని నిలబెట్టండి, నోటితో అడగమనండి. బొత్తాం నొక్కితేనే కెమెరా తెరుచుకునేట్టు పెట్టండి. అక్కడ పనిచేసే సఫాయి వాళ్లను, సెక్యూరిటీ వాళ్లను, బండ్ల మీద అమ్ముకునేవాళ్లను పొరపాటున కూడా తీయొద్దు, వాళ్లు తప్పుకుపోయే వీలున్నవాళ్లు కాదు. తీసినవాళ్లకు వాళ్ల ఫొటో ప్రింటు ఇవ్వండి. వద్దంటే అక్కడికక్కడే చెరిపేయండి. కోపం, దుఃఖం శాతాలు కట్టటం ఆపండి. ఇవేమీ ఖర్చుతో కూడినవి కావు, ఒక మనిషి జీతం.

మూడు రోజులకు చిన్నమ్మ ముఖం తెర మీద రావటం ఆగింది. అసలు ఫైళ్లు ఎక్కడున్నాయంటే సాఫ్ట్‌వేర్ పెట్టిన కంపెనీ దగ్గర అన్నారు, ఆ కంపెనీ వేరే రాష్ట్రంలో ఉందన్నారు. మిగతా అడిగినవాటికి రాతపూర్వకంగా జవాబు లేదు. ఫెస్టివల్ అయిపోయింది. వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. మా చెల్లి మళ్లీ కాలేజీకి పోతోంది, గ్రూపులోంచి బయటికి వచ్చేసింది.

చిన్నమ్మ మేస్త్రీని బతిమాలి బీటు మార్పించుకుంది. కొత్త బీటు ఇంటికి ఇంకో రెండు కిలోమీటర్ల దూరం. ఇప్పుడు మూడున్నరకు లేస్తోంది.

వచ్చే ఆదివారం ముఖం హాజరు గురించి రాస్తాను. మున్సిపల్ కార్మిక సంఘాల్లో పనిచేసే మిత్రులు మీ దగ్గర అది ఎట్లా తీస్తున్నారో, ముఖం పడకపోతే కూలి ఎంత కోస్తున్నారో నాకు రాసి పంపండి. కార్మికుల పేర్లు, ఫొటోలు మాత్రం పంపొద్దు.